ఫౌండేషన్ పేపరు

మా ఆయన చొక్కా ఉతకాలంటే ముందు దులపాలి. దులపకుండా బకెట్లో వేస్తే దానికి అంటుకున్న దూది నూగంతా నీళ్ళలో తేలి మిగతా బట్టలకి పట్టుకుంటుంది. మా అమ్మాయి హీనా నల్ల చున్నీ అయితే పాత ఇంట్లో బూజు దులిపిన గుడ్డలా తయారవుతుంది. ఈ సంగతి పెళ్ళయిన మూడో రోజున మా అత్త జానీబీ నాకు చెప్పింది. పద్దెనిమిదేళ్ళ నుంచి రోజూ పొద్దున్నే ముక్కుకి కొంగు అడ్డం కట్టుకుని పెరట్లో నిలబడి దులుపుతున్నాను. ఆ వేసవిలో మాత్రం పక్కన ప్రహరీగోడ మీద ఒక పుస్తకం కూడా ఉండేది. పేజీ ఎగరకుండా దానిమీద సబ్బుపెట్టె పెట్టుకుని ఒక చొక్కా దులిపి నాలుగు లైన్లు, ఇంకో చొక్కా దులిపి నాలుగు లైన్లు చదివేదాన్ని.

ఒకరోజు నల్లరేగడి నేల గురించి చదువుతున్నాను. ఎండాకాలంలో ఆ నేల బీటలు వారుతుంది, పైమట్టి ఆ బీటల్లోకి జారుతుంది, వానలు పడగానే నేల ఉబ్బి మళ్ళీ కలిసిపోతుంది, అంటే తనను తానే దున్నుకుంటుంది అని రాసి ఉంది. మా ప్రత్తిపాడు చుట్టూ ఉన్నది ఆ నేలే. ముప్ఫై ఏడేళ్ళుగా దానిమీద నడుస్తూ నేను ఆ మాట ఎప్పుడూ అనుకోలేదు. సంతోషం పట్టలేక మా అత్తకి చదివి వినిపించాను.

"ఆ సంగతి చెప్పడానికి పుస్తకం ఎందుకే? చేలోకి పోతే కనపడదా?" అంది మా అత్త. "నీళ్ళు పోతున్నాయి చూడు ముందు."

బకెట్ నిండి నీళ్ళు పొర్లిపోతున్నాయి. పుస్తకం వదిలేసి కొళాయి కట్టేశాను.

అది దూరవిద్యలో బి.ఏ. మొదటి సంవత్సరం పుస్తకం. నేను చేరి అప్పటికి తొమ్మిదేళ్ళు. మాకు ఏ గ్రూపు తీసుకున్నా అందరూ రాయాల్సిన పేపర్లు కొన్ని ఉంటాయి. ఇంగ్లీషు, తెలుగు, సైన్సు. వాటిని ఫౌండేషన్ అంటారు. చరిత్ర చదువుకునేదానికి సైన్సుతో ఏం పని అని మొదట్లో నాకూ విసుగ్గానే ఉండేది. ఇంగ్లీషు, తెలుగు మొదటిసారికే పాసయ్యాను. తర్వాత చరిత్ర, రాజనీతి, ప్రభుత్వ పాలన అన్నీ ఒకటొకటిగా అయిపోయాయి. అన్నిటికంటే ముందు రాయాల్సిన ఆ సైన్సు పేపరు మాత్రం అన్నిటి కంటే వెనక మిగిలిపోయింది. దాన్ని నేను రాయలేక కాదు. మొదటిసారి హాల్ టికెట్ చేతిలో పెట్టుకుని గడప దాటుతుంటే మా అత్త బాత్‌రూంలో జారిపడింది. రెండోసారి ఆడపడుచు పురుటికొచ్చింది, సరిగ్గా ఆ పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి. మూడోసారి రాశాను. ఆ సంవత్సరం ఎకరం కౌలుకి తీసుకుని మిరప వేశాం. ముందురోజు సాయంత్రం మబ్బు పట్టింది. కల్లంలో ఆరబోసిన కాయంతా కుప్పలు చేసి పట్టాలు కప్పాం. మర్నాడు పరీక్ష హాల్లో రెండు చేతులూ మండుతుంటే పెన్ను పట్టుకోలేకపోయాను. మధ్యలో మరిచిపోయి కన్ను తుడుచుకున్నాను. ఇంక ఆ తర్వాత రాసిందేమిటో నాకే కనపడలేదు. ముప్ఫై ఐదు రావాలి, ముప్ఫై ఒకటి వచ్చింది. ఇవన్నీ చెప్పుకోవడానికి కూడా సిగ్గుగా ఉంటుంది. పడిపోయిన మనిషిని వదిలి వెళ్ళిపోతావా? పురిటి నొప్పులు పడే పిల్లని వదిలేస్తావా? తడిసిపోయే పంటని వదిలేస్తావా? ఎవరు అడిగినా వదలనని చెప్పాలి. నేనూ అదే చెప్పుకున్నాను. ఎప్పుడూ ఎవరికో ఏదో అవసరం నిజంగానే వచ్చింది. అది నా పరీక్షరోజే ఎందుకు వచ్చిందని ఎవరినీ అడగడానికి లేదు.

తొమ్మిదేళ్ళలో అన్ని పేపర్లూ పూర్తి చెయ్యాలి. ఒక్కటి మిగిలినా పాసైనవన్నీ కొట్టేస్తారు, మళ్ళీ మొదటి నుంచి చేరాలి. ఆ మే నెలతో నా తొమ్మిదేళ్ళు అయిపోతాయి.

నేను ఊళ్ళో ఒక ప్రైవేటు బడిలో ఒకటి, రెండు తరగతులకి చెప్తాను. పద్నాలుగేళ్ళు. హీనాని చంకలో వేసుకుని వెళ్ళిన రోజుల నుంచి. ఇప్పుడు హీనా అదే బళ్ళో పదో తరగతికి వచ్చింది. టీచరు బిడ్డ అని సగం ఫీజు తీసుకుంటారు. టీచరు బిడ్డ అని వాళ్ళు నోటితో అంటారు గానీ రిజిస్టర్లో నేను టీచర్ని కాదు. ఆయాని. డిగ్రీ లేనివాళ్ళని టీచరుగా చూపించకూడదట. జీతం కూడా ఆ కాలమ్‌లోదే వస్తుంది. కరస్పాండెంట్ అంకమ్మరావు గారు మంచి మాటకారి. "మీ వాళ్ళలో తెలుగు ఇంత శుభ్రంగా మాట్లాడేవాళ్ళని చూళ్ళేదమ్మా" అని ప్రతి సంవత్సరం పేరెంట్స్ మీటింగులో నన్ను మెచ్చుకుంటారు. మాది దూదేకుల కుటుంబం. మా తాతల కాలం నుంచి ఇంట్లో మాట్లాడేది తెలుగే, నాకు ఇంకో భాష రాదు. ఇది ఆయనకి మూడుసార్లు చెప్పాను. నాలుగోసారి చెప్పకుండా నవ్వి ఊరుకున్నాను.

ఆ ఏప్రిల్‌లో అంకమ్మరావు గారు నన్ను పిలిచి, "ఈసారి ఇన్‌స్పెక్షన్ గట్టిగా ఉండేట్టుందమ్మా మెహర్. ఆ ఒక్క పేపరూ గట్టెక్కించు. ప్రైమరీ మొత్తానికి నువ్వే ఇన్‌ఛార్జివి. లేకపోతే క్లాసుకి డిగ్రీ ఉన్న మనిషిని పెట్టక తప్పదు" అన్నారు.

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. మా ఆయన పేరు గౌస్ బాషా. గుంటూరు రోడ్డు మీద మాకు పరుపుల కొట్టు ఉంది. దూది ఏకే మిషను ఒకటి, కుట్టడానికి ఇంకో మనిషి. ఫోం పరుపులు వచ్చాక బేరాలు తగ్గాయి గానీ పెళ్ళిళ్ళ కాలంలో ఇప్పటికీ పని ఉంటుంది. ఆయన తాగడు. చెయ్యెత్తడు. గొంతు పెంచడు. తొమ్మిదేళ్ళ కింద నేను చదువుకుంటానంటే తనే బండి మీద గుంటూరు వెళ్ళి అప్లికేషను తెచ్చాడు. నాకప్పుడు ఫోను లేదు, దరఖాస్తులో తన నంబరే రాశాడు. తర్వాత నాకు ఫోను వచ్చింది. నంబరు మార్పించుకుంటానంటే, "నీ నంబరైతే ఏంది, నా నంబరైతే ఏంది? ఇంట్లోనేగా ఉండేది?" అన్నాడు. అదీ నిజమే అనిపించింది. ఆ పని కోసం ప్రత్యేకంగా గుంటూరు వెళ్ళాలంటే ఒకపూట పోతుంది. ఆ ఒకపూట నాకు ఎప్పుడూ దొరకలేదు.

ఇన్‌ఛార్జి సంగతి చెప్పగానే ఆయన మొహం విప్పారింది. "చూశావా అమ్మా, నీ కోడలు ఇన్‌ఛార్జి అవుతుందంట" అన్నాడు. తర్వాత కాసేపటికి, "ఇన్‌ఛార్జంటే సాయంత్రం ఎన్నింటికి వస్తావ్?" అని అడిగాడు.

"ఆరవుతుందేమో."

"ఊఁ" అన్నాడు.

పరీక్ష మే చివరి ఆదివారం, మధ్యాహ్నం రెండు నుంచి ఐదు వరకు. ఆ రోజు పొద్దున నాలుగున్నరకే లేచి రెండు పూటలకీ వండేశాను. మా అత్త మందులు పూటలవారీగా మూడు రంగుల గిన్నెల్లో వేసి చూపించాను. ఆమెకి చూపు మందగించింది, రంగులు తెలుస్తాయి గానీ అక్షరాలు తెలియవు. తొమ్మిదిన్నరకి మా ఆయన వరండాలో కూర్చుని టీ తాగుతూ గోడ గడియారం వైపు చూశాడు. నాకది ఎందుకు గుర్తుండిపోయిందంటే, నేనూ అప్పుడే గడియారం చూశాను, మా చూపులు అక్కడ కలిశాయి. "నిదానంగానే పోదువుగానిలే, రెండింటికిగా" అన్నాడు. పదకొండున్నరకి తనే బండి మీద బస్టాండులో దింపాడు. "నీళ్ళ సీసా పెట్టుకున్నావా?" అని అడిగాడు. బస్సు కదిలేదాకా నిలబడ్డాడు. కిటికీలోంచి చెయ్యి ఊపాను. ఆ వయసులో చెయ్యి ఊపడమేమిటని నాకే నవ్వొచ్చింది. దారంతా పుస్తకం తియ్యకుండా ఒక్కో పాఠం మనసులో అప్పజెప్పుకుంటూ వెళ్ళాను. ఒక్కటి కూడా తడబడలేదు. ఈసారి అరవై దాటతాయని అనుకున్నాను. పాసవడం గురించి కాకుండా మార్కుల గురించి ఆలోచించడం ఎన్నో ఏళ్ళ తర్వాత అదే.

గుంటూరులో సెంటరు దగ్గర ఆటో దిగేసరికి పన్నెండున్నర దాటింది. గేట్లోంచి జనం బయటికొస్తున్నారు. చేతుల్లో అట్టలు, పెన్నులు. పొద్దున ఇంకేదో పరీక్ష జరిగినట్టుంది అనుకున్నాను. అంతలో వాళ్ళలోంచి తేజశ్రీ పరుగెత్తుకుంటూ వచ్చింది. నేను బళ్ళో చేరిన ఏడు రెండో తరగతి చదివిన పిల్ల. తనూ దూరవిద్యలోనే చదువుతోందనీ, తనకీ ఈ పేపరొక్కటే మిగిలిందనీ నాకు తెలుసు.

"టీచర్, మీరు ఏ రూములో పడ్డారు? నాకు కనపడలేదే" అంది.

"ఇంకా టైముందిగా."

ఆ పిల్ల మొహం మారిపోయింది. "అయ్యో టీచర్! మధ్యాహ్నం ఈ బిల్డింగు వేరే పరీక్షకిచ్చారంట. మనది పొద్దున తొమ్మిదిన్నరకి మార్చారు. గురువారమే అందరికీ మెసేజ్ పెట్టారుగా."

తేజశ్రీ నా చెయ్యి పట్టుకుని కోఆర్డినేటర్ జయకుమారి గారి గదికి తీసుకెళ్ళింది. ఆమె జవాబు పేపర్ల కట్టలకి సీలు వేయిస్తున్నారు. నా మాట మొత్తం విన్నారు, కూర్చోమన్నారు, మంచినీళ్ళిచ్చారు. కంప్యూటర్లో నా నంబరు కొట్టి తెర నా వైపు తిప్పారు. "గురువారం పదకొండు పదికి మెసేజ్ వెళ్ళిందమ్మా. అందినట్టు కూడా చూపిస్తోంది. ఈ నంబరు మీదేనా?"

"మావారిదండి."

"ఆయన చెప్పలేదా?"

అక్కడి నుంచే ఫోన్ చేశాను. "మెసేజా? ఏమో, రోజుకి వంద వస్తాయి. నేను చూళ్ళేదే" అన్నాడు. వెనక మిషను చప్పుడు వినిపిస్తోంది.

"మేడం, ఇప్పుడు రాస్తానండి. అదే పేపరివ్వండి. మీ ఎదురుగా కూర్చుని రాస్తాను, ఎవరితోనూ మాట్లాడను" అన్నాను. ముప్ఫై ఏడేళ్ళదాన్ని, రెండో తరగతి పిల్లలు బతిమాలినట్టు బతిమాలాను.

"నా చేతుల్లో ఉంటే ఇచ్చేదాన్నే తల్లీ" అన్నారు జయకుమారి గారు. "మీకు ఇదే ఆఖరి అవకాశమా?" అని రికార్డు చూసి, తెర మళ్ళీ తన వైపు తిప్పుకున్నారు. ఆమెకి భోజనం వేళయింది. నేను లేచాను.

ఆ సాయంత్రం మా ఆయన చాలా బాగా చూసుకున్నాడు. నేను వచ్చేసరికి టీ పెట్టి ఉంచాడు. పద్దెనిమిదేళ్ళలో ఆయన టీ పెట్టడం అదే మొదటిసారి. బజారు నుంచి బిర్యానీ తెచ్చాడు. "నాదే తప్పు. చూసుకోవాల్సింది" అని మూడుసార్లు అన్నాడు. నేను ఏడుస్తుంటే పక్కన కూర్చుని వీపు నిమిరాడు. "పోన్లే మెహర్. తొమ్మిదేళ్ళు నానా హైరానా పడ్డావు. ఇంక ఆ టెన్షన్ లేదుగా" అన్నాడు. అప్పుడు తలెత్తి ఆయన మొహం చూశాను. ఆ మొహం నేనెరుగుదును. మిరపకాయ మీద పట్టాలు కప్పేసి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టేశాక ఊపిరి పీల్చుకున్న మొహం అది. నాకే తప్పుడు ఆలోచనలు వస్తున్నాయని నన్ను నేనే తిట్టుకున్నాను.

హీనా, "పాపం నాన్న కూడా అన్నం తినలేదమ్మా. మర్చిపోయారంతేగా. ఆయన్నట్టా చూడమాక" అంది.

వారం తర్వాత గ్యాస్ బండ వచ్చింది. బండ తెచ్చినతను ఓటీపీ నంబరు చెప్పమన్నాడు. అది మా ఆయన ఫోనుకి వస్తుంది. ఆయన స్నానం చేస్తూ లోపలి నుంచి, "ఫోను మంచం మీదుంది చూడు" అన్నాడు. చూసి చెప్పాను. బండ లోపల పెట్టించాను. ఫోను ఇంకా చేతిలోనే ఉంది. ఆ గురువారం దాకా వెనక్కి జరిపాను. రీచార్జి ఆఫర్లు, బ్యాంకు వాళ్ళవి, దూది వ్యాపారి పంపిన లారీ నంబరు, ఎవరో లోను ఇస్తామన్నది, అన్నీ ఉన్నాయి. పదకొండు పది దగ్గర ఏమీ లేదు. పదకొండు ఐదుకి ఒకటి, పదకొండు ఇరవైకి ఒకటి. ఇంకా వెనక్కి వెళ్ళాను. మా ఆయన ఫోన్లో ఏదీ తియ్యడు. ఫోను నిండిపోయింది, అవన్నీ తీసెయ్యి నాన్నా అని హీనా ఎన్నిసార్లు పోరినా వినడు. సెంటరు నుంచి వచ్చిన పాత మెసేజీలన్నీ అలాగే ఉన్నాయి. నేను రాజనీతి పాసైనట్టు వచ్చినది, ముప్ఫై ఒక్క మార్కులు వచ్చినది, అన్నీ. ఆ ఫోను కొన్న నాలుగేళ్ళలో అందులోంచి పోయింది ఒక్కటే.

ఆ మధ్యాహ్నం కొట్టుకి వెళ్ళాను. కుట్టే మనిషి భోజనానికి పోయాడు. మా ఆయన మిషను ముందు కూర్చుని ఉన్నాడు. కనుబొమ్మల మీద, చెవుల మీద దూది. నేను వెళ్ళి స్విచ్ కట్టేశాను. ఆ చప్పుడు ఆగితే కొట్టు అంత పెద్దదిగా ఉంటుందని నాకు తెలియదు.

"ఆ మెసేజ్ మీరు తీసేశారా?" అన్నాను.

"ఏ మెసేజ్?"

ఆయన కాసేపు దూదిలోంచి గింజలు ఏరుతున్నట్టు చేతులు ఆడించాడు. అందులో గింజలేమీ లేవు.

"చెప్దామనే అనుకున్నా" అన్నాడు చివరికి. "ఒట్టు. ఆ సాయంత్రం ఇంటికొచ్చా. నువ్వు స్టవ్ దగ్గర పుస్తకం పెట్టుకుని నీలో నువ్వే నవ్వుకుంటన్నావ్. నేనొచ్చింది కూడా చూళ్ళేదు. నాకెట్టానో అయింది మెహర్."

"ఎట్టా అయింది?"

"డిగ్రీ అంటావు. ఇన్‌ఛార్జంటావు. ఆ తర్వాత బి.ఇడి. అంటావు. గవర్నమెంటు ఉద్యోగం అంటావు. ఎక్కడో ఒంగోలు అవతల వేస్తారు. అమ్మకి చూపు లేదు. హీనా టెన్త్. నేను ఈ దూదిలో కూర్చుని..."

"వద్దని చెప్పచ్చుగా!"

ఆయన నా వైపు నిజంగా ఆశ్చర్యంగా చూశాడు. "వద్దని ఎట్టా చెప్తా? ఇన్నేళ్ళు నేనే చదివిస్తన్నా అని చెప్పుకుని ఇప్పుడు వద్దంటే మనుషులు నన్నేమనుకుంటారు?"

నేను ఆ మాట పట్టుకునే ఇంటికి వచ్చాను. దారిలో ఎండ మాడిపోతోంది. వద్దని ఒక్కమాట అని ఉంటే నేను పోట్లాడేదాన్ని. ఏడ్చేదాన్ని, అన్నం మానేసేదాన్ని, మా పెద్దవాళ్ళని పిలిచేదాన్ని. గెలిచేదాన్నో ఓడేదాన్నో, ఎదురుగా ఒక మనిషి అంటూ ఉండేవాడు. తొమ్మిదేళ్ళు నాకు ఎదురుగా ఎవరూ లేరు. పక్కన నిలబడి నీళ్ళ సీసా పెట్టుకున్నావా అని అడిగే మనిషి ఉన్నాడు. నేను పడిపోయిన ప్రతిసారీ నా కాలే జారిందనుకున్నాను. చిలకలూరిపేటలో ఉన్న మా తమ్ముడు అనీస్‌కి ఫోన్ చేసి చెప్పాను. మొత్తం విని, "బావ మంచోడక్కా. చెయ్యి తగిలి పోయుంటదిలే" అన్నాడు. ఆయన తనే ఒప్పుకున్నాడురా అంటే, "కోపంలో ఉన్నావని ఊరికే ఒప్పుకుని ఉంటాడు" అన్నాడు. వాడికి రెండు గదుల ఇల్లు, ముగ్గురు పిల్లలు. నేనింకేమైనా అడుగుతానేమో అన్న భయం వాడి గొంతులో తెలుస్తోంది. అడగలేదు.

జూన్‌లో బడి తెరిచారు. నెలాఖరుకి ఫలితాలొచ్చాయి. తేజశ్రీ పాసైంది. జూలైలో అంకమ్మరావు గారు ఆ పిల్లనే నా క్లాసుకి టీచరుగా వేశారు. "పేరుకి తనుంటుందమ్మా, పాఠం నువ్వే చెప్పు. ఇన్‌స్పెక్షన్ రోజున మాత్రం నువ్వు వెనక కూర్చో" అన్నారు. తేజశ్రీ నా దగ్గరికొచ్చి ఏడ్చింది. "నేను మానేస్తాను టీచర్" అంది. వాళ్ళ నాన్నకి నడుం పడిపోయి ఏడాదైంది. వద్దని నేనే చెప్పాను.

ఆగస్టులో ఒక మంగళవారం ఇన్‌స్పెక్షన్‌కి వచ్చారు. నేను గది చివర చీపురు పక్కన చిన్న స్టూలు మీద కూర్చున్నాను. ముందు నిలబడి తేజశ్రీ బోర్డు మీద తేదీ రాసింది, గీత వంకరపోయింది. అధికారి పెద్దాయన, మెత్తగా ఉన్నాడు. తేజశ్రీని ఏమీ అడగకుండా పిల్లల వైపు తిరిగి, "మీ టీచర్ ఎవరమ్మా?" అన్నాడు.

ఇరవై ఎనిమిది మంది పిల్లలు ఒక్కసారి వెనక్కి తిరిగి నన్ను చూపించారు.

గుమ్మంలో అంకమ్మరావు గారు నా వైపే చూస్తున్నారు. హీనా ఫీజు గుర్తొచ్చింది. తేజశ్రీ మొహం పాలిపోయి ఉంది. అధికారి నా దగ్గరికొచ్చి, "మీరేనా అమ్మా టీచరు?" అన్నాడు.

లేచి నిలబడ్డాను. "కాదండి. నేను ఆయాని" అన్నాను.

"కాదు, మా మెహర్ టీచర్!" అంది ముందు వరసలో ఒక పిల్ల. నేను వేలు పెదాల మీద పెట్టుకుని చూపించాను. ఆ పిల్ల మాట ఆపేసింది. కాసేపు నన్నూ తేజశ్రీనీ మార్చి మార్చి చూసి తల వంచుకుంది. నిజం చెప్తే తప్పని ఆ పిల్లకి నేర్పినదాన్ని నేనే. అధికారి ఏదో రాసుకుని పక్క క్లాసుకి వెళ్ళాడు. ఆయన నా మాట నమ్మాడని నాకు అనిపించలేదు. నమ్మాల్సిన అవసరం ఆయనకి లేదు, నోటితో చెప్తే చాలు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఒంగోలు నుంచి అయూబ్ మామ వచ్చి ఉన్నాడు. మా అత్తకి తమ్ముడు. కూతురు నగ్మా పెళ్ళికి పిలవడానికి ఇంకో ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఎప్పుడు వచ్చినా మా ఆయన్ని పొగడందే వెళ్ళడు. నేను కాళ్ళు కడుక్కుని టీ కలిపి తెచ్చేసరికి అదే మాట నడుస్తోంది.

"మావాడిలాంటోడు ఏడున్నాడో చెప్పు?" అంటున్నాడు వాళ్ళతో. "పెళ్ళయినాక పెళ్ళాన్ని కూర్చోబెట్టి డిగ్రీ చదివించాడు. మా నగ్మా మొగుడు కూడా ఇట్టా ఉంటే చాలు." నన్ను చూసి, "ఏమ్మా, అయిపోయిందా చదువు?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోగా మా ఆయన అందుకున్నాడు. "ఒక్క పేపరు ఉండిపోయింది మామా. టైం మార్చారంట, మేం చూసుకోలా."

మేం అన్నాడు. గ్లాసులున్న పళ్ళెం నా చేతుల్లో ఉంది. మా అత్త ఆ మూల కూర్చుని అటు చెవి పెట్టి వింటోంది. హీనా గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఈ మాటలన్నీ వాళ్ళు ఎన్నోసార్లు విన్నారు, ప్రతిసారీ నేను పక్కన నవ్వుతూ నిలబడటం చూశారు. పొద్దున్నే బళ్ళో ఒక అబద్ధం చెప్పి వచ్చాను. నా గురించి చెప్పాను కాబట్టి అది ఎవరికీ నొప్పి కాలేదు.

పళ్ళెం అయూబ్ మామ ముందు పెట్టాను. మొదటి గ్లాసు ఆయన చేతికిచ్చి, "చూసుకోకపోవడం కాదు మామా. ఈయన వద్దన్నారు. అందుకని ఆగిపోయింది" అన్నాను.

అయూబ్ మామ గ్లాసు తొణికేలా నవ్వాడు. "చూశారా, మా కోడలికి ఎంత వేళాకోళమో! గౌస్ బాషా వద్దనడమేంది!" వచ్చిన ఇద్దరూ నవ్వారు. "ఇట్టాంటి మాటలకి మాత్రం ముందుంటది" అని మా అత్త కూడా నవ్వింది. వాళ్ళని చూసి హీనా నవ్వింది.

మా ఆయన ఒక్కడే నవ్వలేదు.